గోనె పరచని రోజు

పోయిన ఆదివారం వికారాబాదులో మా బిడ్డ ఇంట్లో, ముందుగది బండల మీద తొమ్మిది తెల్ల మచ్చలు పడ్డాయి. ఒక్కొక్కటీ పడుతుంటే నేను గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడి చూశాను. ఒక్క మాట అంటే ఆగిపోయేది. అనలేదు. నా ఈడు వాళ్ళు ఇది చదివి, కన్నతల్లి ఇట్లా చేస్తుందా అని ముక్కున వేలేసుకుంటే వేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ తొమ్మిది మచ్చల వెనక నలభై ఏళ్ళ కిందటి మచ్చలు ఇంకొన్ని ఉన్నాయి, వాటి సంగతి చెప్పకుండా వీటి సంగతి చెప్పలేను.

గొడవంతా కిటికీల దగ్గర మొదలైంది. బిడ్డా అల్లుడూ కొత్త ఇల్లు కట్టుకున్నారు. మామూలు పరదాలు కడితే చుట్టాల్లో పరువు పోతుందనుకున్నారో ఏమో, ప్రతి కిటికీకీ బ్లైండ్స్ పెట్టించారు. పడకగదికి చారల చారల గుడ్డ తెర, దాని గొలుసు లాగితే ఒకసారి వెలుగు వస్తుంది, ఇంకోసారి లాగితే పోతుంది. బాల్కనీకి వెదురు పుల్లల తెర, అదేదో నిన్నగాక మొన్న కనిపెట్టిన వస్తువైనట్టు. ముందుగదికి అల్యూమినియం రేకుల తెర, వేలి వెడల్పు రేకులు ఒకదాని కింద ఒకటి పైనుంచి కిందిదాకా. వాటిని బిగించడానికి వచ్చిన మనిషి, తుడుచుకోవడం కష్టమనిపిస్తే రెండేళ్ళకోసారి మార్చేసుకోండమ్మా అని నవ్వుకుంటూ చెప్పి పోయాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే నేను తాండూరులో ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఇలాంటి తెరలనే ఇరవై రెండేళ్ళు తుడిచి, ఒక్కటి కూడా మార్చకుండా నిలబెట్టిన మనిషిని.

ఆదివారం పొద్దున బిడ్డ కుర్చీ వేసుకొని తడిగుడ్డతో రేకుల మీదికి పోతుంటే ఉండబట్టలేక, ముందు పొడిగా దులుపు, తడి తరవాత అన్నాను. అనడమైతే కాస్త విసురుగానే అన్నాననుకోండి. తనూ విసురుగానే సమాధానమిచ్చింది.

"అమ్మా, నువ్వు జర ఊకో. గివి నీ కాలంనాటియి కావు. ఫోన్ల అంత మంచిగ చూపిస్తుండ్రు."

నేను ఊరుకున్నాను. నోరు మూసుకోవడమంటూ మొదలుపెడితే నాకంటే బాగా మూసుకునేవాళ్ళు మా వంశంలో ఒక్కరే ఉండేవాళ్ళు, ఆవిడ సంగతికే వస్తున్నాను. ఫోనులో ఎవరో చక్కగా ముస్తాబైన ఆవిడ, వెనిగరూ నీళ్ళూ కలిపి చల్లి తుడిస్తే రేకులు అద్దంలా మెరుస్తాయని చెబుతోంది. బిడ్డ వంటింట్లోంచి సీసా తెచ్చి గిన్నెలో కలిపింది. ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలగానే నాకు పంతొమ్మిదేళ్ళ వయసు గుర్తుకొచ్చింది, దానితోపాటు మా మేనత్త మొహమూ గుర్తుకొచ్చింది.

మాది అనంతగిరి గుట్టల కింద చిన్న ఊరు. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువై, నన్ను తాండూరులో ఉన్న మా నాయన చెల్లెలి దగ్గరికి పంపించారు. ఆమె మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో అప్పటికే పదకొండేళ్ళుగా ఊడ్చే తుడిచే పని చేస్తోంది. ఆఫీసుకు కొత్త గదులు కట్టారు కాబట్టి ఇంకో మనిషి కావాలన్నారట, అందుకని నన్ను పిలిపించింది. పిలిపించింది గానీ నేను రైలు దిగి ఆమె గుమ్మంలో నిలబడ్డ రోజు నుంచీ, పిలిపించి తప్పు చేశానన్నట్టే నా వంక చూసేది. అన్నం గిన్నె నా ముందు పెట్టే తీరులోనే నాకు తిట్టు వినిపించేది. నేనూ తక్కువదాన్ని కాదు, గిన్నె కడిగి బోర్లించే తీరులో తిరిగి తిట్టేదాన్ని.

తాండూరు దుమ్ము గురించి ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంటి దుమ్ము వేరు, బండల దుమ్ము వేరు. రాయిని కోసి అరగదీస్తుంటే లేచే ఆ తెల్లటి పొడి పిండిలాగా మెత్తగా వచ్చి కూర్చుంటుంది, దాని మీద తడిగుడ్డ పెడితే గోడకు సున్నం పూసినట్టు పట్టుకుంటుంది, ఆరిందంటే గోకినా రాదు. అందుకే ఆ ఆఫీసులో తెరలు తుడవడమంటే ఊరికే తుడవడం కాదు, అదొక విద్య. ఆ విద్య మా మేనత్తకు వచ్చు. నాకు మాత్రం చెప్పేది కాదు. నేను గదిలోకి వస్తే వీపు తిప్పి పని చేసుకునేది. ఆమె వీపు మీద రవికె కుట్లు ఎన్ని ఉన్నాయో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ వీపు పక్కనుంచి తొంగి చూసి నేర్చుకున్నదే నాకు వచ్చిందంతా. వరండాలో వెదురు పుల్లల తెరలుండేవి, వాటిని అక్కడ చిక్ అనేవాళ్ళు. వాటిని ఊడదీసి నులక మంచం మీద పరిచి, సన్నని బెత్తంతో వెనక వైపు నుంచి మెల్లగా తట్టేది, ముందు వైపు కొడితే పుల్లలు విరుగుతాయి. ఏడాదికి రెండుసార్లు కుసుమ నూనెలో ముంచిన గుడ్డతో పుల్లపుల్లకూ పూసేది, పురుగు పట్టకుండా. గుమస్తాల గదికి కాన్వాసు గుడ్డ తెర, చుట్టి పైకి కట్టేది. దాన్ని కొబ్బరిపీచుతో పొడిగా రుద్దేది తప్ప తడి తగలనిచ్చేది కాదు, వానాకాలంలో మాత్రం రోజూ కిందికి వదిలి గాలి తగలనిచ్చేది, తడి మీద చుడితే ముక్కిపోతుందని. ఇక ఫ్యాక్టరీ యజమాని సేటు గదిలో అల్యూమినియం రేకుల తెర. ఊళ్ళో అలాంటిది ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. రేకులన్నీ మూసి, ఈతాకు కుచ్చుతో పైనుంచి కిందికి దులిపి, మళ్ళీ తిప్పి మూసి రెండో వైపు దులిపి, ఆ తరవాత చేతికి పాత మేజోడు తొడుక్కొని ఒక్కొక్క రేకునూ రెండు వేళ్ళ మధ్య పట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి లాగేది. అన్నిటికంటే ముందు మాత్రం కింద గోనె పరిచేది. తలుపు వెనక చుట్టి పెట్టి ఉండే ఆ గోనె పరవకుండా ఆ గదిలో ఆమె ఏ పనీ మొదలుపెట్టేది కాదు. ముసలి మోకాళ్ళకు బండలు గుచ్చుకుంటాయని పరుచుకుంటోంది కాబోలు అనుకున్నాను నేను. ఎందుకని అడిగి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. నేను ఆమెను ఏదీ అడిగేదాన్ని కాదు. అడిగితే తల దించుకున్నట్టవుతుందని నా పొగరు.

ఆ ఏడు దసరాకు ముందు సేటు ఒక మాట అన్నాడు. ఆఫీసు లోపలికి ఇద్దరు అక్కర్లేదు, పండగ తరవాత ఒకరు లోపల ఉండండి, ఒకరు బయట మిషన్ల దగ్గరికి వెళ్ళండి అని. మిషన్ల దగ్గర పనంటే పొద్దస్తమానం ఆ తెల్ల బురదలో నిలబడి, దాన్ని తట్టలకెత్తి పోయడం. ఆ రోజు నుంచీ ఒకే ఇంట్లో ఇద్దరం ఎదురెదురు పొయ్యిల మీద వండుకున్నాం. ఆమెకు పదకొండేళ్ళ పని ఉంది. నాకు పంతొమ్మిదేళ్ళ ఒళ్ళుంది. ఏది గెలుస్తుందో చూద్దాం అనుకున్నాను, మనసులో కాదు, ఆమెకు వినబడేలాగే అన్నాను కూడా.

పండగకు రెండు రోజుల ముందు ఎక్కడినుంచో బండలు కొనేవాళ్ళు వస్తారని, తన గది మెరిసిపోవాలని సేటు చెప్పాడు. ఆ గది నేల గురించి చెప్పాలి. పచ్చ బండా నీలం బండా మార్చి మార్చి పరిచి, మొహం కనబడేంత పాలిష్ పట్టించిన నేల అది, వచ్చినవాళ్ళకు సరుకు చూపించడానికే వేయించాడు. మేనత్త వరండాలో చిక్‌లు ఊడదీస్తుంటే నేను ఆమెకంటే ముందు ఆ గదిలోకి దూరాను. రేకులకు చారలు చారలుగా తెల్లపొర పట్టి ఉంది. మా అమ్మ పండగకు ఇత్తడి బిందెలు తోమే పద్ధతి నాకు తెలుసు. ఇంటి నుంచి కొంగున కట్టుకొచ్చిన చింతపండు గిన్నెలో పిసికి, ఆ పులుసుతో రేకులు తోమడం మొదలుపెట్టాను. కాళ్ళకు అడ్డమొస్తోందని గోనెను ఒక్క తన్ను తన్నాను, పోయి తలుపు వెనక పడింది.

మీరు నమ్మరు, రేకులు తళతళలాడాయి. పదకొండేళ్ళలో ఆమె ఎన్నడూ అంత మెరిపించలేదు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో మేనత్త, చేతులు కట్టుకొని నిలబడి ఉంది. ఆమె రేకుల వంక చూడడం లేదు, నేల వంక చూస్తోంది. అసూయతో కళ్ళెత్తలేకపోతోంది అనుకొని నేను ఆమెను చూసి నవ్వాను. అంత సంతోషంగా నేను ఎవరినీ చూసి నవ్వలేదు. ఆమె ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది.

నేల తుడుద్దామని వంగితే అప్పుడు కనబడ్డాయి. పులుసు చుక్క పడ్డచోటల్లా బండ మెరుపు చచ్చి, తెల్లగా, గరుకుగా మచ్చలు. నీళ్ళతో తుడిచాను, కొంగుతో రుద్దాను, వరండాలోంచి కుసుమ నూనె తెచ్చి పూశాను. పులుపు మన తాండూరు బండను తినేస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసట ఆ ఊళ్ళో, గుట్టల కింది నుంచి వచ్చినదాన్ని, నాకు తెలియదు. నేను ఇంకా రుద్దుతూనే ఉన్నాను, సేటు వచ్చి నా నెత్తి మీద నిలబడ్డాడు.

"ఎవరు చేసిండ్రు గిది?"

నేను తలెత్తలేదు. ఆయన రెండోసారి అరిచాడు. వెనకనుంచి మేనత్త గొంతు వినబడింది, వణుకూ లేదు, తొందరా లేదు.

"నేనే, సేటు. చింతపండు నీళ్ళతోని నేనే తుడిసిన."

పండగ తరవాత ఆమె మిషన్ల దగ్గరికి పోయింది. నేను లోపల ఉండిపోయాను. ఆమె కాదు సేటు, చేసింది నేనని నేను చెప్పలేదు, చెప్పడానికి ఆ రోజూ తరవాతి రోజూ ఆ తరవాత ఏళ్ళకు ఏళ్ళూ ఉన్నా చెప్పలేదు. ఇప్పుడు సిగ్గుపడుతున్నానా అంటే పడుతున్నాను. అప్పుడు మాత్రం సిగ్గు కాదు, కోపం వచ్చింది. మచ్చలు పడ్డ సాయంత్రమే ఇంటికొచ్చి ఆమె మీద విరుచుకుపడ్డాను.

"గట్ల చెప్పుమని నేనడిగిన్నా నిన్ను? అడిగిన్నా?"

"నువ్వెప్పుడేమడిగినవు నన్ను? పో, పోయి బువ్వ తిను," అంది ఆమె, అంతే.

అది జాలితో చేసిన పని కాదని నా నమ్మకం. నిలబడి చూసింది కదా, మొదటి చుక్క పడ్డప్పుడే చూసింది కదా, ఒసేయ్ పోరీ గోనె పరుచుకో అంటే సరిపోయేది కదా. చూసి చూసి నన్ను పడనిచ్చి, ఆ తరవాత నా తప్పు తన నెత్తినేసుకొని, జన్మంతా నన్ను తలెత్తుకోనివ్వకుండా చేసింది. తను బురదలోకి పోయి కూడా మేనకోడలికి నీడనిస్తోందని వాడకట్టులో అందరూ ఆమెది ఎంత పెద్ద మనసే అన్నకొద్దీ నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. రోజూ సాయంత్రం మోకాళ్ళ దాకా తెల్ల బురదతో వచ్చేది. పగిలిన ఆ కాళ్ళను వాకిట్లోనే, నేను పొయ్యి దగ్గర కూర్చుని చూస్తుంటే, చెంబుతో కొద్దికొద్దిగా పోసుకుంటూ కడుక్కునేది. లోపల జాలారు ఉంది కదా, అక్కడ కడుక్కోవచ్చు కదా. నాకు చూపించడానికే అనుకునేదాన్ని. ఇప్పటికీ సగం అదే అనుకుంటున్నాను.

సేటు ఆ మచ్చల మీద ఒక పీచు పట్టా పరిపించాడు. నేను ఇరవై రెండేళ్ళు రోజూ ఆ పట్టా ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ పరిచాను. తెరలు తుడిచే పద్ధతి నేర్పేవాళ్ళు లేక, ఆమె వీపు పక్కనుంచి చూసిందంతా గుర్తు చేసుకొని ఆమెలాగే తుడిచాను. ఈతాకు కుచ్చు ఆమె కట్టినదే, గోనె ఆమెదే. పెళ్ళయ్యాక రెండు సందుల అవతలికి వెళ్ళాను. ఎదురుపడితే తల తిప్పుకొని పోయేవాళ్ళం. ఆమె పోయినప్పుడు వెళ్ళాను, కళ్ళు పొడిగానే ఉన్నాయి. నలుగురూ చూశారు, చూడనీ అనుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఆదివారానికి వస్తాను. ముందుగదిలో వేసినవి తాండూరు పచ్చ బండలే. బిడ్డ టైల్స్ అంటే, అల్లుడు పట్టుబట్టి నాలుగుసార్లు తాండూరు వచ్చి, బండ బండకూ నీళ్ళు చల్లి రంగు చూసి ఏరుకొని, పాలిష్ పట్టించుకున్నాడు. ఆ బండల గురించి ఆ ఇంట్లో మూడు నెలలు యుద్ధం జరిగింది. వెనిగర్ మొదటి చుక్క రేకు చివర నిలిచి, జారి, టప్పున పడింది. నాకు తెలుసు. ఇంట్లో ఆ క్షణాన అది తెలిసింది నాకొక్కదానికే. పడనీ, అనుకున్నాను. నీ కాలంనాటివి కావన్నావు కదా, పడనీ. రెండోది పడింది. మూడోది పడింది. బిడ్డ కుర్చీ మీదినుంచి వెనక్కి తిరిగి, తళతళలాడుతున్న రేకులు చూపిస్తూ నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అప్పుడు నా చేతుల వంక చూసుకున్నాను, కట్టుకొని ఉన్నాయి. విప్పానా అంటే విప్పాను. నోరు మాత్రం విప్పలేదు. ఇంకో ఆరు చుక్కలు పడ్డాయి.

అల్లుడు మటన్ సంచితో లోపలికి వచ్చి, చెప్పులు విడుస్తూనే నేల చూశాడు. వంగి వేలితో రాసి చూశాడు. మొహం మాడిపోయింది. బిడ్డ వైపు తిరిగి, నీకు ఈ బండలు మొదటినుంచీ నచ్చలే, కావాలనే చేసినవు అని మొదలుపెట్టాడు. బిడ్డ గుడ్డ పట్టుకొని కుర్చీ మీదే ఉండిపోయింది. అప్పుడు ఒక గొంతు వినబడింది, వణుకూ లేదు, తొందరా లేదు. అది నా గొంతేనని నాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"నేనే, అల్లుడా. పుల్లటి నీళ్ళు కలిపి నేనే తుడుస్తుంటి. పిల్లకిప్పుడే గుడ్డ ఇచ్చిన."

అత్తగారిని ఏమంటాడు, సంచి వంటింట్లో పెట్టి బయటికి పోయాడు. బిడ్డ కుర్చీ దిగింది. నా వంక చూసింది. కృతజ్ఞత అనుకుంటున్నారేమో, కాదు. నేను గుమ్మంలో నిలబడి అంతా చూశానని దానికి తెలుసు, తాండూరు మనిషిని, నాకు తెలియకుండా ఉండదని ఆ నిమిషంలోనే లెక్క కట్టింది. ఆ చూపులో ఉన్నది నలభై ఏళ్ళ కింద నేను మా మేనత్త వంక చూసిన చూపు. మధ్యాహ్నం అన్నం గిన్నె నా ముందు పెట్టింది. పెట్టిన తీరులో నాకు తిట్టు వినిపించింది. అప్పటికే ఆ మచ్చల మీద ఒక తివాచీ ముక్క పడి ఉంది.

మర్నాడు బస్సులో తాండూరుకు తిరిగి వస్తూ కిటికీ పక్కన కూర్చుని, మేనత్త గురించి నేను ఎన్నడూ ఆలోచించని తీరులో ఆలోచించాను. ఆమె నన్ను కాపాడలేదు, నన్ను కట్టిపడేయడానికీ చేయలేదు. చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకొని నిలబడి చూసింది, చూసినందుకు తనను తానే ఓర్చుకోలేకపోయింది, అంతే. నేనే చేసిన అన్నప్పుడు ఆమె సేటుకు అబద్ధం చెప్పలేదు. ఇది తెలియడానికి నాకు ఇంత కాలం పట్టింది, తెలిసేసరికి చెప్పుకోవడానికి ఆమె లేదు, ఆ కాళ్ళు లేవు, ఆ వాకిలీ లేదు. ఆ రోజుల్లో ఒక పని రావాలంటే ఎవరో ఒకరి వీపు వెనక నిలబడాల్సి వచ్చేది, వాళ్ళ మీద పళ్ళు నూరుకుంటూనైనా నిలబడేవాళ్ళం. ఇప్పుడు ఎవరి వెనకా ఎవరూ నిలబడనక్కర్లేదు, అరచేతిలో అద్దం ముక్క అన్నీ చెబుతుంది, మన బండ ఏదో దానికి తెలియదు, అంతే తేడా.

ఇంటికి చేరగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, బిడ్డకు ఫోను చేశాను. క్షమించమని అడగలేదు, అది నాకు చేతకాదు. ఈసారి రేకులు తుడిచేటప్పుడు ముందు పొడిగా దులుపుకొని, కింద గోనె పరుచుకో అని మాత్రం చెప్పాను.

"గోనెలు ఏడ దొరుకుతున్నయమ్మ ఇప్పుడు," అంది బిడ్డ, ఫోను పెట్టేసింది.